62 నిమిషాల వీడియో: రాసీ ఎరాస్మస్‌కి పడిన శిక్ష న్యాయమేనా?

డర్బన్_కిరణ్ (చర్చ మొదలుపెట్టింది)

నిన్న ఆదివారం మా ఆఫీసులో పనిచేసే ఒకాయన ఇంటికి బ్రాయ్‌కి వెళ్ళాను. తెలియనివాళ్ళకి చెప్తున్నా, బ్రాయ్ అంటే బొగ్గుల మీద మాంసం కాల్చుకుంటూ పొద్దుగూకే దాకా కూర్చుని తినడం. ఇక్కడ ఆదివారం అంటే అదే. మాటల్లో మళ్ళీ 2021 లయన్స్ రగ్బీ సిరీస్ వచ్చింది. ఇన్నేళ్ళయినా ఆ మాట ఎత్తగానే అందరి గొంతులూ లేస్తాయి. ఇంటికొచ్చాక కూడా నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నా.

కొత్తవాళ్ళకి సంగతి. ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్, ఐర్లండ్ ఆటగాళ్ళలో మేటివాళ్ళని ఏరి ఒక జట్టు చేస్తారు, దాని పేరు బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్. దక్షిణాఫ్రికాకి వాళ్ళు వచ్చేది పన్నెండేళ్ళకి ఒకసారి. 2021 జూలై 24న కేప్‌టౌన్‌లో మొదటి టెస్టు, అంటే మూడు అంతర్జాతీయ మ్యాచ్‌లలో మొదటిది. కోవిడ్ వల్ల స్టేడియంలో ఒక్క ప్రేక్షకుడు లేడు. 2019 ప్రపంచ కప్ గెలిచాక మన దక్షిణాఫ్రికా జట్టు స్ప్రింగ్‌బాక్స్ అప్పటికి ఆడింది ఒకే ఒక్క టెస్టు, జార్జియా మీద. హాఫ్‌టైమ్‌కి 12-3తో ముందున్నాం, చివరికి 22-17తో లయన్స్ గెలిచింది. రిఫరీ ఆస్ట్రేలియాకి చెందిన నిక్ బెర్రీ.

ఆ తర్వాత అప్పటి మన డైరెక్టర్ ఆఫ్ రగ్బీ (జట్టు వ్యవహారాలు చూసే పెద్ద) రాసీ ఎరాస్మస్ కెమెరా ముందు కూర్చుని, మ్యాచ్ క్లిప్పులు ఒక్కొక్కటీ వేసి చూపిస్తూ 62 నిమిషాలు మాట్లాడాడు. ఎక్కడెక్కడ రిఫరీ తప్పు చేశాడో, ఇద్దరు కెప్టెన్లతో ఎలా వేరువేరుగా మాట్లాడాడో చూపించాడు. అది ఇంటర్నెట్‌లోకి వచ్చేసింది. నవంబర్‌లో ఈ ఆటని ప్రపంచమంతా నడిపే వరల్డ్ రగ్బీ సంస్థ కమిటీ ఆయన్ని రెండు నెలలు రగ్బీ పనులన్నిటికీ దూరం పెట్టింది. మ్యాచ్ రోజు జట్టుతో ఉండకూడదని 2022 సెప్టెంబర్ 30 దాకా ఇంకో నిషేధం. సౌతాఫ్రికా రగ్బీ సంఘానికి 20,000 పౌండ్ల జరిమానా.

నేను అడిగేది ఒక్కటే. ఆ వీడియోలో అబద్ధం ఏది? లయన్స్ ఆటగాడు హేమిష్ వాట్సన్ మన విల్లీ లె రూని ఎత్తి పడేస్తే బయటికి పంపే కార్డు లేదు, పెనాల్టీతో వదిలేశారు. అది అందరం చూశాం. చూసింది చెప్పినవాడికి దాదాపు ఏడాది శిక్షా?

కార్డిఫ్_సునీత

కిరణ్ తమ్ముడూ, "అది ఇంటర్నెట్‌లోకి వచ్చేసింది" అని రాశావు. వీడియో దానంతట అది నడుచుకుంటూ రాదు. ఎవరు పెట్టారు? అక్కడ మొదలుపెట్టు.

సెంచూరియన్_సాయి

మళ్ళీ ఇదేనా. సరే, కూర్చున్నా.

డర్బన్_కిరణ్

అక్కా, అది రిఫరీల విభాగానికి పంపడానికి చేసిన వీడియో. విమియో అనే వీడియో సైట్లో పెట్టి లింక్ ఇచ్చారు. ఎవరో ఆ లింక్ బయటపెట్టారు. రాసీ టీవీకి వెళ్ళి చెప్పలేదు, పత్రికకి రాయలేదు.

కార్డిఫ్_సునీత

తాళం లేని చోట పెట్టి లింక్ పంచి, ఇప్పుడు ఎవరో బయటపెట్టారంటే ఎలా? కమిటీ ఆరు అభియోగాలు పెట్టింది, ఆరూ రుజువైనట్టు తేల్చింది. వాటిలో ఒకటి, ప్రచురించాడు లేదా ప్రచురించనిచ్చాడు అని. ఇంకొకటి దానికంటే పెద్దది. తనకి రిఫరీతో మీటింగ్ ఇవ్వకపోతే వీడియో బయటపెడతానన్నట్టు బెదిరించాడని. అది నువ్వు రాయలేదు.

డర్బన్_కిరణ్

బెదిరింపు అనేది కమిటీ మాట. వారం మొదట్లోనే జవాబు రావాల్సింది, రాలేదు. రెండో టెస్టు శనివారం. జవాబు రాకపోతే జట్టుకి ఏం చెప్పుకుని ప్రాక్టీసు చేయించాలి? ఏది తప్పో ఏది ఒప్పో తెలియకుండా మైదానంలోకి ఎలా దించాలి?

పైగా మొదలుపెట్టింది ఎవరు అక్కా? మొదటి టెస్టుకి రీప్లేలు చూసి తేల్చే టీవీ రిఫరీగా న్యూజిలాండ్ నుంచి బ్రెండన్ పికరిల్ రావాలి. కోవిడ్ వల్ల రాలేకపోయాడు. ఆయన బదులు మన మారియస్ యోంకర్‌ని కూర్చోబెట్టారు. లయన్స్ కోచ్ గ్యాట్లండ్ మండిపడుతున్నాడని మ్యాచ్‌కి ముందే మీ పత్రికలన్నీ రాశాయి. అది రిఫరీ మీద ఒత్తిడి కాదా? గ్యాట్లండ్ చేస్తే వ్యూహం, అనుభవజ్ఞుడి ఎత్తుగడ. రాసీ చేస్తే పిచ్చి, ఆటకి మచ్చ. ఇదీ మీ మీడియా.

కార్డిఫ్_సునీత

"మీ పత్రికలు", "మీ మీడియా" అనకు. నేను తెనాలి పిల్లని. ఇక్కడ పద్నాలుగేళ్ళుగా నర్సుగా చేస్తున్నా, అంతే.

యోంకర్ సంగతి నువ్వే ఎత్తావు కాబట్టి చెప్తున్నా. ఆ మ్యాచ్‌లో లె రూ చేసిన ట్రైని (బంతిని అవతలివాళ్ళ గీత దాటించి నేలకి ఆనించడం) ఆఫ్‌సైడ్ అని కొట్టేసింది ఆ యోంకరే. మీ దేశంవాడే, మీకు వ్యతిరేకంగానే ఇచ్చాడు. గ్యాట్లండ్ భయం తప్పని తేలిపోయింది కదా. అది చూశాకైనా రిఫరీలు మనుషులనీ, కళ్ళకి కనిపించింది ఇస్తారనీ మీకు అనిపించలేదా?

డర్బన్_కిరణ్

నేను అన్నది కూడా అదే! గ్యాట్లండ్ ముందే గోల చేశాడు కాబట్టి యోంకర్ భయపడి వెంట్రుకవాసి ఆఫ్‌సైడ్ కూడా వెతికి ఇచ్చాడు. ఒత్తిడి పనిచేసిందనడానికి అంతకంటే ఏం కావాలి?

విజిల్_వెంకట్రావు

బాబూ కిరణ్, నేను రిటైరైన పీఈటీని. కృష్ణా జిల్లాలో ముప్పై ఏళ్ళు కబడ్డీ, వాలీబాల్ ఆడించాను. రగ్బీ ఈమధ్యే మనవడితో కలిసి చూడ్డం మొదలుపెట్టాను, స్క్రమ్ సంగతి ఇంకా పూర్తిగా అర్థం కాలేదు. కానీ విజిల్ గురించి కొంచెం తెలుసు.

యోంకర్ గురించి నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మీకు అనుకూలంగా ఇస్తే పక్షపాతం అని వాళ్ళంటారు. వ్యతిరేకంగా ఇస్తే భయపడ్డాడు అని నువ్వంటున్నావు. మరి ఆ కుర్చీలో కూర్చున్నవాడు ఏం ఇస్తే నిజాయితీపరుడు అవుతాడో ఒక్కసారి చెప్పు, వింటాను.

సెంచూరియన్_సాయి

మాస్టారు గట్టి ప్రశ్న వేశారు.

డర్బన్_కిరణ్

మాస్టారూ, నా అసలు ప్రశ్నకి జవాబు ఇంకా ఎవరూ ఇవ్వలేదు. వీడియోలో అబద్ధం ఏది?

ఒక్క విషయం తీసుకోండి, మిగతావి వదిలేయండి. మన కెప్టెన్ సియా కొలీసీ, స్ప్రింగ్‌బాక్స్‌కి టెస్టుల్లో మొదటి నల్లజాతి కెప్టెన్. 2018లో పగ్గాలు తీసుకుని 2019లో ఇంగ్లండ్‌ని 32-12తో ఓడించి ప్రపంచ కప్ ఎత్తాడు. ఆ మనిషి ఏదో అడగడానికి దగ్గరికొస్తే రిఫరీ చూపు ఇంకెటో ఉంటుంది. అవతల లయన్స్ కెప్టెన్ అలిన్ విన్ జోన్స్ వస్తే ఆగి, తల ఊపి, వింటాడు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూపించాడు రాసీ. ఆ క్లిప్పులు చూస్తుంటే నాకు కడుపులో తిప్పింది. ఎందుకంటే ఆ చూపు నాకు తెలుసు. మీటింగులో నేను మాట్లాడ్డం మొదలుపెట్టగానే ఫోన్ తీసే మేనేజర్ చూపు అది. అదే మాట పక్కవాడు చెప్తే రాసుకుంటారు.

అది కార్డు కాదు, పెనాల్టీ కాదు. ఏ నిబంధన కింద ఫిర్యాదు చేస్తారు దాన్ని? చూపించడం తప్ప దారేముంది?

కార్డిఫ్_సునీత

అలిన్ విన్ జోన్స్ అప్పటికి ప్రపంచంలో ఎక్కువ టెస్టులు ఆడినవాడు. రిఫరీలందరికీ పదిహేనేళ్ళుగా తెలిసిన ముఖం. పరిచయం ఉన్నవాడితో మాట కలవడం అవమానం ఎలా అవుతుంది?

డర్బన్_కిరణ్

అక్కా, మీరు ఇప్పుడు రాసింది మీరే ఇంకోసారి చదవండి. పరిచయం ఉన్నవాడికి ఒకలా, లేనివాడికి ఒకలా. నేను చెప్తున్నది అదే కదా!

టోంగాట్_నాయుడు

నమస్కారం. నేను ఇక్కడే పుట్టాను, డర్బన్ పక్కన టోంగాట్‌లో. మా ముత్తాత ఓడలో వచ్చి చెరకు తోటలో కూలి చేశాడు. నా తెలుగు ఆంధ్ర మహాసభలో నేర్చుకున్న తెలుగు, తప్పులుంటే మన్నించండి.

కొలీసీ విషయం మాకు చిన్నది కాదు. మా తాత స్ప్రింగ్‌బాక్స్ ఓడిపోవాలని మొక్కుకునేవాడు. 1970లో, 1976లో న్యూజిలాండ్ వచ్చినప్పుడు మావాళ్ళందరూ ఆల్ బ్లాక్స్ వైపే. కేప్‌టౌన్‌లో ఇప్పటికీ ఆల్ బ్లాక్స్‌కి జేకొట్టే కుటుంబాలు ఉన్నాయి. స్టేడియంలో మాకు వేరే కంచె, వేరే గేటు. ఆ జట్టు మాది కాదు, తెల్లవాళ్ళది. 1970లో ఆల్ బ్లాక్స్‌లో మావోరీ (న్యూజిలాండ్ మూలవాసి) ఆటగాళ్ళు వస్తే అప్పటి ప్రభుత్వం వాళ్ళకి "గౌరవ తెల్లవాళ్ళు" అని పేరు పెట్టి రానిచ్చింది. తాతకి ఆ మాట అంటే ఎంత కోపమో.

1995 జూన్ 17, మా కింగ్స్ పార్క్ స్టేడియంలో ప్రపంచ కప్ సెమీఫైనల్, ఫ్రాన్స్‌తో. కుండపోత వాన. మైదానం చెరువైపోయింది. ఆట రద్దయితే మన జట్టు ఇంటికి వెళ్ళాలి. అప్పుడు నల్లజాతి ఆడవాళ్ళు వరసగా నిలబడి చీపుర్లతో ఆ నీళ్ళు ఊడ్చారు. టీవీలో చూశాం. మా తాత ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆ రోజే మొదటిసారి ఆయన స్ప్రింగ్‌బాక్స్ గెలవాలని కోరుకున్నాడు. 19-15తో గెలిచాం.

అందుకే కొలీసీని రిఫరీ సరిగా చూడలేదంటే మాకు నొప్పి. కానీ కిరణ్ గారూ, కొలీసీ ఆ వారంలో తానే విలేకరుల ముందు చెప్పాడు, తనకి గౌరవం దక్కినట్టు అనిపించలేదని. తన నోటితో, పొందికగా. అది నాకు నచ్చింది. దాని మీద ఇంకో గంట వీడియో ఎందుకు?

కార్డిఫ్_సునీత

నాయుడు గారూ, మీ తెలుగు మాకంటే బాగుంది.

1995 సెమీఫైనల్ అన్నారు కాబట్టి మిగిలింది కూడా చెప్పుకుందాం. ఆ మ్యాచ్ రిఫరీ మా వేల్స్‌ ఆయన, డెరెక్ బెవన్. చివర్లో ఫ్రాన్స్ ఆటగాడు బెనాజీ గీత దాకా వచ్చి పడ్డాడు, ట్రై ఇవ్వలేదు. సౌతాఫ్రికా ఫైనల్‌కి వెళ్ళింది, గెలిచింది. ఆ తర్వాత విందులో అప్పటి సౌతాఫ్రికా రగ్బీ అధ్యక్షుడు లూయిస్ లైట్ లేచి, బెవన్‌ని పొగిడి, అందరి ముందూ బంగారు గడియారం ఇచ్చాడు. ఫైనల్ ఆడించింది బెవన్ కాదు. మరి ఆయనకే ఎందుకు? ఏ తప్పూ చేయని ఆ పెద్దమనిషి సిగ్గుతో చచ్చిపోయాడు. ఇప్పటికీ వేల్స్‌లో ఆయన పేరు చెప్తే ముందు ఆ గడియారమే గుర్తొస్తుంది.

గెలిపించినట్టు కనిపించినవాడికి బంగారు గడియారం. ఓడించినట్టు కనిపించినవాడికి 62 నిమిషాల వీడియో. రెండూ ఒకటే తమ్ముడూ. రెండిట్లోనూ నాశనమైంది రిఫరీ పేరే.

సెంచూరియన్_సాయి

గడియారం సంగతి నాకు తెలియదు. నిజమేనా?

టోంగాట్_నాయుడు

నిజమే. మాకు కూడా సిగ్గు అనిపించింది. అదే విందులో లైట్, మేము ఆడలేదు కాబట్టి 1987, 1991 కప్పులు నిజమైన ప్రపంచ కప్పులు కావన్నట్టు మాట్లాడాడు. ఆల్ బ్లాక్స్ లేచి వెళ్ళిపోయారు.

డర్బన్_కిరణ్

1995లో ఒక అధ్యక్షుడు చేసిన పిచ్చి పనికి 2021లో రాసీని బోనెక్కిస్తారా?

రెండో టెస్టు సంగతి ఎవరూ ఎత్తరేం? వీడియో వచ్చిన రెండు రోజులకి, జూలై 31న, 27-9తో గెలిచాం. ఆగస్టు 7న మూడోది 19-16. మోర్నే స్టెయిన్ 2009లో ఎలా లయన్స్ సిరీస్ గెలిపించాడో, పన్నెండేళ్ళ తర్వాత మళ్ళీ ఆఖర్లో వచ్చి అలాగే పెనాల్టీ కొట్టి గెలిపించాడు. రిఫరీలు జాగ్రత్తగా చూస్తే ఆట ఎలా ఉంటుందో తెలిసింది కదా!

విజిల్_వెంకట్రావు

ఆ రెండో టెస్టు మా మనవడు పెట్టి చూపించాడు. మొదటి సగమే గంటకు పైగా సాగింది. ప్రతి చిన్నదానికీ టీవీ రిఫరీని అడుగుతారు, ఆపుతారు, మళ్ళీ చూస్తారు. అది జాగ్రత్త అని నువ్వంటున్నావు. నాకు భయం కనిపించింది. తర్వాతి వీడియోలో తన పేరు ఉంటుందేమో అన్న భయం.

వీడియో వల్ల తర్వాతి మ్యాచ్ గెలిచామని నువ్వే అంటున్నావు. అంటే అది అభిప్రాయం చెప్పడానికి చేసింది కాదు, రాబోయే రిఫరీని అదిలించడానికి చేసింది. నువ్వే ఒప్పుకున్నట్టు.

డర్బన్_కిరణ్

నేను ఏదీ ఒప్పుకోలేదు. మాటలు నా నోట్లో పెట్టకండి.

మాస్టారూ, మీ మీద గౌరవం ఉంది. కానీ మీకు రగ్బీ తెలియదు. ఊళ్ళో సంక్రాంతి కబడ్డీ కాదు ఇది. ఇక్కడ ఒక్క నిర్ణయంతో ఒక దేశం పన్నెండేళ్ళ ఎదురుచూపు మట్టిలో కలిసిపోతుంది. జీతం తీసుకునే రిఫరీ తప్పు చేస్తే తప్పని చెప్పించుకోవాలి. డాక్టరు తప్పు చేస్తే అడగమా? ఇంజనీరు కట్టిన బ్రిడ్జి కూలితే పేరు రాయమా? రిఫరీ ఒక్కడేనా పైనుంచి దిగొచ్చింది?

సెంచూరియన్_సాయి

అన్నా, పెద్దాయనతో అలా వద్దు.

విజిల్_వెంకట్రావు

పర్వాలేదు సాయీ.

సంక్రాంతి కబడ్డీ అన్నావు కాబట్టి చెప్తాను కిరణ్ గారూ. ఆరేళ్ళ కిందట, పక్క మండలంలో, సంక్రాంతి మూడో రోజు ఫైనల్. ఒక్క పాయింటు తేడా. ఆఖరి కూత. రైడర్ ఇద్దరిని ముట్టుకుని తిరుగుతుంటే నలుగురూ మీద పడ్డారు. మధ్య గీత దగ్గర కుప్పగా పడ్డారు. సున్నం గీత అప్పటికే కాళ్ళ కింద సగం చెరిగిపోయింది. నేను ఉన్న చోటు నుంచి చేయి గీత దాటినట్టు కనపడలేదు. ఔట్ ఇచ్చాను.

మర్నాటికి వీడియో వచ్చింది. ఎవరో ఫోన్లో తీసింది, నెమ్మదిగా తిప్పి, గీత మీద ఎర్ర గుండ్రం గీసి, నా ముఖం మీద ఇంకో గుండ్రం గీసి, పేరు, నేను పనిచేసిన స్కూలు పేరు, కులం కూడా రాసి పంపారు. అన్ని గ్రూపుల్లో తిరిగింది. మా అమ్మాయికి కాలేజీలో ఎవరో చూపించారు, "మీ నాన్నేనా?" అని. అది ఇంటికొచ్చి నాతో ఏమీ అనలేదు, అన్నం తినకుండా పడుకుంది.

ఇప్పుడు విను. ఆ వీడియో నిజం. నేను వందసార్లు చూశాను. ఆ కుర్రాడి వేళ్ళు గీత దాటాయి. తప్పు నాది. ఆ కుర్రాడి ఇంటికి వెళ్ళి చెప్పాను కూడా. కానీ ఆ తర్వాత విజిల్ పట్టలేదు. ముప్పై ఏళ్ళు ఆడించాను, పట్టలేకపోయాను.

నువ్వు మొదటినుంచీ అడుగుతున్నావు, అబద్ధం ఏది అని. ఏదీ అబద్ధం కాకపోవచ్చు బాబూ. బెర్రీ కమిటీకి ఇచ్చిన వాంగ్మూలంలో, రిఫరీగానూ మనిషిగానూ తన పేరుకి మచ్చ ఎప్పటికీ పోదన్నట్టు చెప్పాడని చదివాను. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. నాకు రగ్బీ తెలియదు. అది తెలుసు.

టోంగాట్_నాయుడు

మాస్టారూ, నమస్కారం మీకు.

కార్డిఫ్_సునీత

ఇంకోటి కూడా చెప్పాలి. ఇది ఆ ఒక్కసారితో ఆగలేదు. 2022 నవంబర్‌లో మార్సేలో ఫ్రాన్స్ మీద 30-26తో ఓడినప్పుడు రాసీ మళ్ళీ ట్విట్టర్‌లో క్లిప్పులు పెట్టాడు, మళ్ళీ రెండు మ్యాచ్‌ల నిషేధం. ఆ మ్యాచ్ రిఫరీ వేన్ బార్న్స్‌కి, ఆయన ఇంటివాళ్ళకి బెదిరింపులు వచ్చాయి. రాసీ బెదిరించమనలేదు, ఒప్పుకుంటాను. కానీ ఎక్కడ గుండ్రం గీయాలో చూపించింది ఎవరు?

ఆ బార్న్సే 2023 ఫైనల్ ఆడించాడు. ఆల్ బ్లాక్స్ కెప్టెన్ సామ్ కేన్‌కి రెడ్ కార్డు. మీరు 12-11తో గెలిచారు. అప్పుడు బార్న్స్ మీద న్యూజిలాండ్‌వాళ్ళు పడ్డారు. అప్పుడు మీరంతా ఎంత చక్కగా "రిఫరీని గౌరవించాలి" అన్నారు!

డర్బన్_కిరణ్

రెండు రోజులుగా ఏమీ రాయలేదు. మాస్టారూ, ముందు మీకు క్షమాపణ. సంక్రాంతి కబడ్డీ అన్న మాట నేను అనకూడనిది.

కానీ నా మాట మారలేదు, ఎందుకో చెప్తాను. పాత కంపెనీలో (పేరు అనవసరం) నేను చేసిన ప్రాజెక్టు ఇంకొకరి పేరు మీద చూపించి, నా రేటింగ్ తగ్గించారు. పద్ధతి ప్రకారం పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాను. "పరిశీలనలో ఉంది." పదకొండు వారాలు రోజూ పొద్దున్నే తెరిచి చూసేవాణ్ణి. అదే మాట. వీసా వాళ్ళ చేతుల్లో, ఇంట్లో పాప పుట్టిన కొత్త. చివరికి ఒక రాత్రి మెయిల్ రాశాను. తేదీలు, స్క్రీన్‌షాట్లు, పేర్లు, అన్నీ. రెండు వందల మందిని కాపీలో పెట్టాను. రెండో రోజే పిలిచారు. పదకొండు వారాల్లో కదలనిది రెండు రోజుల్లో కదిలింది.

పద్ధతి ప్రకారం వెళ్ళమని చెప్పేవాళ్ళకి పద్ధతి పనిచేస్తుంది. వాళ్ళ ఫోన్ ఎత్తుతారు. అలిన్ విన్ జోన్స్ వస్తే ఆగుతారు. మిగతావాళ్ళం ఏం చేయాలి? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని నోరు మూసుకుని కూర్చోవాలా? రాసీ వీడియో చూసినప్పుడు నాకు రగ్బీ కనపడలేదు. ఆ పోర్టల్ కనపడింది.

కార్డిఫ్_సునీత

ఇది మొదటి రోజే రాసుంటే ఇంత గొడవ ఉండేది కాదు కదరా.

అయినా నాకు ఒక తేడా కనిపిస్తోంది. రాసీ దిక్కులేనివాడు కాదు. ప్రపంచ కప్ గెలిచిన కోచ్. దేశం, సంఘం, టీవీ, అన్నీ ఆయన వెనక ఉన్నాయి. అవతల బెర్రీ వెనక ఎవరున్నారు? రిఫరీ బయటికొచ్చి తిరిగి వీడియో చేయలేడు. నీ కథలో నువ్వు ఉద్యోగివి. రాసీ కథలో రాసీ ఉద్యోగి కాదు.

టోంగాట్_నాయుడు

ఇది నాకు కొత్తగా తోచింది. మేము ఎప్పుడూ స్ప్రింగ్‌బాక్స్‌ని అన్యాయం జరిగిన జట్టుగానే చూస్తాం, కొలీసీ వల్ల. కానీ రగ్బీలో మేము చిన్నవాళ్ళం కాదు. నాలుగు కప్పులు మావే. చిన్నవాళ్ళమని అనుకుంటూ పెద్ద చేయి చేసుకున్నామేమో.

విజిల్_వెంకట్రావు

బాబూ కిరణ్, నీకు అన్యాయం జరిగింది. పదకొండు వారాలు ఆగడం మాటలు కాదు.

ఒకటి అడుగుతాను. ఆ మెయిల్లో పేర్లు అన్నావు. ఎవరి పేర్లు?

డర్బన్_కిరణ్

మేనేజర్ పేరు. ఇంకా హెచ్ఆర్‌లో నా ఫిర్యాదు చూస్తున్న అమ్మాయి పేరు.

విజిల్_వెంకట్రావు

ఆ అమ్మాయి ఏం చేసింది?

డర్బన్_కిరణ్

ఏమీ చేయలేదు. అదే కదా నా బాధ. ఏమీ చేయలేదు. ప్రతి జవాబు కిందా ఆమె పేరే ఉండేది. నాకు కనిపించిన పేరు అదొక్కటే. పైనున్నవాళ్ళ పేర్లు నాకెలా తెలుస్తాయి?

సెంచూరియన్_సాయి

మరి ఆమెకి ఏమైంది?

డర్బన్_కిరణ్

మేనేజర్‌కి ఏమీ కాలేదు, వేరే టీమ్‌కి మార్చారు. ఆ అమ్మాయి కాంట్రాక్టు మీద ఉండేదట. నెలాఖరుకి పంపేశారు. నాకు తర్వాత తెలిసింది. ఫైలు ఆపింది పైవాళ్ళట, తను కాదట.

ఇది ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా.

కార్డిఫ్_సునీత

కిరణ్.

వరల్డ్ రగ్బీ జవాబు ఆలస్యం చేసింది, అది సంస్థ తప్పు. నేను ఇప్పటిదాకా ఆ మాట అనలేదు, ఇప్పుడు అంటున్నా. అది వాళ్ళ తప్పే. కానీ వీడియోలో ఉన్న ముఖం సంస్థది కాదు, బెర్రీది.

డర్బన్_కిరణ్

నాకు అర్థమైంది అక్కా. నిన్నే అర్థమైంది, రాయడానికి చేతులు రాలేదు.

అయినా ఒకటి అంటాను, తిట్టినా పర్వాలేదు. దాదాపు ఏడాది పాటు మ్యాచ్‌కి దూరం పెట్టడం ఎక్కువే. జవాబివ్వని సంస్థే జడ్జీని పెట్టి శిక్ష వేసింది, తన ఆలస్యానికి తాను ఏ శిక్షా వేసుకోలేదు. సౌతాఫ్రికా సంఘం అప్పీలుకి వెళ్తామని చెప్పి, తర్వాత మానుకుని క్షమాపణ చెప్పింది. రాసీ కూడా చెప్పాడు. 2024లో రిటైరైన రిఫరీ యాకో పైపర్‌ని జట్టులోకి నిబంధనల సలహాదారుగా తెచ్చుకున్నారు. మైదానంలో ఏది ఎందుకు ఇచ్చారో ఆయన చెప్తాడు. ఆ పని 2021లో వరల్డ్ రగ్బీ చేసిపెట్టాల్సింది. శిక్ష ఎక్కువ అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

కార్డిఫ్_సునీత

నేనూ తీసుకోను. నా లెక్కలో తక్కువే పడింది.

టోంగాట్_నాయుడు

పైపర్ విషయం మంచిదే. కానీ ఆ జీతం ఇచ్చే శక్తి జార్జియాకి, సమోవాకి ఉందా? వాళ్ళకి ఎవరు చెప్తారు?

సెంచూరియన్_సాయి

దీనికి వేరే చర్చ పెట్టండి నాయుడు గారూ, నేనూ వస్తాను.

విజిల్_వెంకట్రావు

కిరణ్ బాబూ, ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడుందో తెలుసా?

డర్బన్_కిరణ్

లింక్డిన్‌లో వెతికాను మాస్టారూ. ప్రిటోరియాలో ఏదో చిన్న కంపెనీలో ఉంది. నాలుగు లైన్లు టైప్ చేసి పెట్టుకున్నా. ఇంకా పంపలేదు.

విజిల్_వెంకట్రావు

పంపేటప్పుడు కాపీలో ఎవరినీ పెట్టకు. ఆమె ఒక్కదానికే పంపు.